ఏటేటా కప్పు విప్పే లెటూకా తాత

మా లెటూకా తాతకి ఒకే ఒక్క గుణం ఉంది. ఏ ఇల్లు చూసినా బాగాలేదంటాడు. మిగతా విషయాల్లో ఆయన చాలా మంచివాడని చెబుదామని నాకూ ఉంటుంది కానీ, మిగతా విషయాల గురించి ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని చూడడు, గోడని చూస్తాడు. చావింటికి వస్తే అందరికంటే ముందే వస్తాడు, శవం పక్కన టోపీ తీసి నిలబడతాడు, కాసేపటికి మెల్లగా తల పైకెత్తి వాసాలు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. "మనిషి పోయాడు, సరే. ఈ ఇల్లు కూడా ఆయన వెనకాలే బయల్దేరేట్టుంది, కాస్త చూసుకోండి" అని ఓదారుస్తాడు. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి పైకి చూస్తారు. ఓదార్పంటే అదే మరి.

వృత్తికి రాతి మేస్త్రి. కప్పుకున్న దుప్పటి మడతలో దారానికి కట్టిన సీసం గుండొకటి ఎప్పుడూ ఉంటుంది. మిగతా ముసలాళ్ళు ముక్కుపొడి డబ్బా తీసినంత సులువుగా ఆయన ఆ గుండు తీసి గోడకి వేలాడదీస్తాడు. ఒక ఆదివారం ఫాదర్ గారు నరకం గురించి ప్రసంగిస్తుంటే మధ్యలో లేచి తూర్పు గోడ దగ్గరికి నడిచాడు.

"కూర్చో లెటూకా. నరకం గురించి చెబుతున్నాను" అన్నారు ఫాదర్.

"చెప్పండి ఫాదర్. కాకపోతే గబగబా కానివ్వండి. గోడ రెండు వేళ్ళు బయటికి వాలింది. మీరు ఇంత గట్టిగా అరిస్తే అందరం కలిసే వెళ్ళొచ్చు అక్కడికి."

ఆ మరుసటి ఆదివారం నుంచి భక్తులందరూ పడమటి వైపు బెంచీల మీద ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు. తూర్పు వైపు మిగిలింది దేవుడొక్కడే. చేసేది లేక ఫాదర్ ఆ గోడ మళ్ళీ కట్టించమని తాతనే బతిమాలారు. తాత మూడు వారాలు కట్టాడు. కట్టినన్నాళ్ళూ పాత గోడ కట్టిన మేస్త్రిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. చివరికి ఫాదర్ ఉండబట్టలేక అడిగారు.

"ఇంతకీ ఎవరయ్యా ఆ మేస్త్రి?"

"నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రెండు గాడిదల పెట్టు."

ఇలాంటి మనిషి ఎలాంటి ఇంట్లో ఉండాలి? రేకుల ఇంట్లోనో సిమెంటు ఇటుకల కొట్లోనో ఉండుంటే ఏ గొడవా లేదు. ఖర్మ కాలి, మా కొండల మీద ఉన్న రాతి ఇళ్ళలోకెల్లా పాతది, అందమైనది ఆయన ఇల్లే. ముత్తాత కట్టింది. గోధుమరంగు ఇసుకరాయి ఒక్కొక్క రాయినీ ఉలితో చెక్కి, అడుసు తప్ప మరోటి వాడకుండా పేర్చిన గోడలు. మూరెడు మందం. చలికాలం బయట మంచు పడుతుంటే లోపల పిల్లి ఒళ్ళు విరుచుకుని పడుకుంటుంది. పైన మోచేతి నుంచి వేళ్ళ చివర దాకా మందాన గడ్డి కప్పు. ఆ చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే, ఊరి పెద్దయినా తల వంచితేగానీ లోపలికి రాలేడు. గుమ్మం చుట్టూ తాత భార్య మాపులానే అవ్వ ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తి, తడి ఆరకముందే వేళ్ళతో పొలం చాళ్ళలాగా గీతలు గీస్తుంది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తారు.

"మా ముత్తాతకి కళ్ళు కనపడేవి కావేమో" అంటాడు తాత వాళ్ళతో. "ఆ కిటికీ చూడండి. కిటికీయా అది? గోడకి తుమ్మొచ్చినట్టుంది."

గోడల సంగతి ఎలా ఉన్నా, ఆయన అసలు పగంతా కప్పు మీద. మామూలుగా గడ్డి కప్పు ఒకసారి వేస్తే పదిహేనేళ్ళు చూడక్కర్లేదు. లెటూకా తాత ఏటా విప్పుతాడు. ఒక ఏడాది తూర్పు వాలు, ఒక ఏడాది పడమటి వాలు. ఆగస్టు నెల, దుమ్ముగాలి కొండల మీంచి విసిరికొట్టే సమయం చూసుకుని నిచ్చెన వేస్తాడు. గుప్పెడు గడ్డి పీకుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఊరంతా వినబడేలా అరుస్తాడు.

"కుళ్ళింది!"

ఇక అంతే. మధ్యాహ్నానికి సగం కప్పు వాకిట్లో ఉంటుంది. సగం వాకిలి ఇంట్లో ఉంటుంది.

"ఏమయ్యా, పోయినేడే కదా కప్పావు?" అంటుంది కింద నుంచి మాపులానే అవ్వ, జుట్టులో గడ్డి ఏరుకుంటూ.

"పోయినేడు వేరే వాలు. ఇది అంతకు ముందేడుది."

"రెండేళ్ళకే కుళ్ళుతుందా?"

"కప్పినవాడు అలాంటోడు మరి."

"కప్పింది నువ్వే కదయ్యా!"

"అందుకే అంటున్నా."

అవ్వ మా అందరితో చెప్పుకునేది. "పెళ్ళయి నలభై ఏడేళ్ళు. అందులో నెత్తిన కప్పు ఉన్న రోజులు తక్కువ, చుక్కలు ఉన్న రోజులు ఎక్కువ. మా పుట్టింటివాళ్ళు నన్ను మేస్త్రికి ఇచ్చాం అనుకుంటున్నారు. గాలికి ఇచ్చారు."

విప్పి పడేసిన గడ్డి గుట్టలు గుట్టలుగా దారికి అడ్డంగా పడుండేది. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళ మీద తాత అరిచేవాడు. "ఏమ్మోయ్, దిష్టిబొమ్మల్లా చూస్తారేం? ఈ చెత్త నా గుమ్మం ముందు నుంచి తీసుకుపోండి. పొయ్యిలో పెట్టుకోండి, ఇంకెందుకూ పనికిరాదు!" వాళ్ళు సణుక్కుంటూ మోపులు కట్టుకుని పోయేవాళ్ళు. తన చెత్త కూడా ఊరివాళ్ళ చేత మోయించే మహానుభావుడని మేం పిల్లలం చెప్పుకునేవాళ్ళం.

అంతటితో ఆగడు కదా. మోపు వెనకాలే తనూ బయల్దేరి, వాళ్ళ ఇల్లు చూసి వంకలు పెట్టేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంటి మీద పడ్డాడు. అంతకు ముందు సంవత్సరమే మా నాన్న గనిలో పోయాడు. మా అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. మా అమ్మని ఊళ్ళో అందరూ మాలినేయో అంటారు. నా పేరు లినేయో, మాలినేయో అంటే లినేయో తల్లి అని. ఆవిడ నోటికి ఊరు ఊరంతా భయపడుతుంది. తాత భయపడడు, ఎందుకంటే ఆవిడ మాటలు ఆయన వినడు, ఇల్లు చూస్తూ ఉంటాడు.

"ఇది కప్పా, కోడిగూడా?" అన్నాడు.

"కోడిగూడే. నువ్వెందుకొచ్చావన్నా, గుడ్డు పెట్టడానికా?"

"ఎవడు కప్పాడిది? వాడి చేతులు విరిగిపోనూ. చూడు, చూడు, ఇలా లాగితే..."

లాగాడు. వచ్చేసింది. ఇంకాస్త లాగాడు. సాయంత్రానికి మా ఇంటి మీద వాసాలు తప్ప ఏమీ లేవు. "ఇలా వదిలేస్తే మా వీధికే పరువు తక్కువ" అని తిట్టుకుంటూ, అక్కడేదో పడున్న గడ్డితో నాలుగు రోజుల్లో మళ్ళీ కప్పి వెళ్ళాడు. వెళ్ళేముందు నా వైపు చూసి "ఈ పిల్ల కూడా కాస్త ఎడమకి వాలింది" అన్నాడు. మా ఇల్లు పీకేసిన రాక్షసుడని ఆయన మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. బడిలో టీచరునయ్యాక కోపం పోయి జాలి మిగిలింది. ఊరికి ఒక పిచ్చాయన ఉండాలి కదా, మాకు ఈయన ఉన్నాడులే అనుకునేదాన్ని.

పోయిన జూలైలో, మాకది నడి చలికాలం, మంచు విపరీతంగా పడింది. కొండ పక్కన ఉండే ముసలి అక్కచెల్లెళ్ళ ఇంటి కప్పు ఆ బరువుకి కూలిపోయింది. ఇద్దరూ ఒక మూల గోనెపట్టాల కింద ముడుచుకుని ఉండేవాళ్ళు. మా ఇంటికి రమ్మని అమ్మ పిలిస్తే, "మేం బానే ఉన్నాం, మా ఇల్లు మాకుంది" అన్నారు. అక్టోబరులో వానలు మొదలవుతాయి. అప్పటికి ఏం చేస్తారో వాళ్ళకే తెలియదు.

సరిగ్గా ఆ సమయంలోనే రాజధాని మసేరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు లింఫో. పాత ఇళ్ళను జాబితాలోకి ఎక్కించే ఆఫీసులో పనిచేస్తుందట. మా ఊరి పెద్ద మొఖేలె గారు ఆమెని వెంటబెట్టుకుని, వీధి పొడుగునా అందరికీ వినబడేలా మాట్లాడుతూ తాత ఇంటికి తీసుకొచ్చారు. కాగితాలు రాయడానికి నన్ను పిలిచారు.

"తాతగారూ, మీ ఇల్లు దేశ సంపద" అంది లింఫో.

"ఏ దేశానికి?" అన్నాడు తాత.

ఆమె టేపు పట్టుకుని కొలుస్తుంటే తాత వెనకాలే తిరుగుతూ లోపాలన్నీ చూపించాడు. ఆయన చూపించిన ప్రతి లోపాన్నీ ఆ అమ్మాయి గొప్పగా మార్చి నా చేత రాయించింది. గోడ లోపలికి వంగింది అంటే 'పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వాల్చి కట్టే అరుదైన నేర్పు' అని రాయమంది. కిటికీ చిన్నది అంటే 'చలిని ఆపే ముందుచూపు' అంది. తాత ముఖం వాడిపోయింది. అరగంట తిట్టినా ఎదురు తిట్టని మనిషి ఆయనకి జీవితంలో మొదటిసారి తగిలింది.

"అంతా బావుంది. ఒకే ఒక్క షరతు" అంది చివరికి లింఫో. "జాబితాలోకి ఎక్కాక కప్పు ముట్టుకోకూడదు. గడ్డిపోచ కదపాలన్నా మా ఆఫీసు నుంచి ఉత్తరం రావాలి."

"ఆగస్టులో విప్పాలే" అన్నాడు తాత.

"ఈ ఏడు విప్పవు బాబాయ్" అన్నారు మొఖేలె గారు, నవ్వుతూనే. జాబితాలోకి ఎక్కితే బోర్డు వస్తుంది. బోర్డు వస్తే చూడ్డానికి మనుషులొస్తారు. మనుషులొస్తే రోడ్డొస్తుంది. రోడ్డొస్తే ఆయన పేరు రోడ్డుకి పెడతారు. ఇదంతా ఆయన కళ్ళలో కనబడుతూనే ఉంది. "శనివారం ఊరి సభ పెడతాను. అందరి ముందూ మాటివ్వాలి."

తాత కొండ పక్కకి చూశాడు.

తాతా మొఖేలె గారూ అవతలికి వెళ్ళాక లింఫో నిచ్చెన ఎక్కి కప్పు పరీక్షించింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. గడ్డి పీకి, విరిచి, వాసన చూసింది.

"టీచర్ గారూ, ఇది కుళ్ళిందని ఎవరన్నారు? ఇంకో పన్నెండేళ్ళు నిక్షేపంగా ఉంటుంది."

"ఆయన అలాగే అంటాడులే, పిచ్చి."

"మరి ఆ ఇళ్ళు కూడా ఈయనే కప్పాడా?"

"ఏ ఇళ్ళు?"

"ఎక్కి చూడండి."

ఎక్కాను. ఊరంతా కనబడింది. లెటూకా తాత చూరు చివర మెట్లు మెట్లుగా కోస్తాడు, గడ్డి తాడు రెండు మెలికలు వేసి కడతాడు. మా దగ్గర ఇంకెవరూ అలా చేయరు. ఆ మెట్ల చూరు ఉన్న ఇళ్ళు తొమ్మిదో పదో కనబడ్డాయి. ఒక్కొక్కటీ ఎవరిదో పేర్లు చెబుతూ పోయాను. మగదిక్కు లేని ఇల్లు. గనిలో కాలు పోయి ఇంటికొచ్చినవాడి ఇల్లు. ముగ్గురు పిల్లలతో మిగిలిపోయిన ఆవిడ ఇల్లు. అన్నిటి మీదా బూడిదరంగు తిరిగిన పాత గడ్డే. పొయ్యిలో పెట్టుకోమన్న గడ్డి. చివర్న మా ఇల్లు. ముప్ఫై ఏళ్ళు ఆ కప్పు కింద పడుకున్నాను, మధ్యలో ఒకసారి ఆయనే తిడుతూ వచ్చి మళ్ళీ కప్పాడు కూడా, ఆ గడ్డి ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ అడగలేదు. నిచ్చెన దిగడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"సభలో చెబుదామా?" అంది లింఫో.

"వద్దు" అన్నాను. మా అమ్మ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని ఇప్పటికీ తల ఎత్తుకుని తిరుగుతుంది. అందరి ముందూ ఈ మాట చెబితే ఆ తల ఏమవుతుంది? మిగతా వాళ్ళది? అలాగని చెప్పకపోతే ఆ ముసలి అక్కచెల్లెళ్ళు వానలో కూర్చోవాలి. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ఈ లెక్క మాత్రం నాకు తేలలేదు.

శనివారం సభ జరిగింది. మొఖేలె గారు రోడ్డు గురించి చాలాసేపు మాట్లాడారు. ఇంకా రాని రోడ్డు మీద ఎటు నడవాలో కూడా చెప్పారు. తర్వాత తాతని లేవమన్నారు.

"కప్పు కుళ్ళింది. విప్పుతాను" అన్నాడు తాత.

"కుళ్ళలేదని ఆఫీసు అమ్మాయే చెప్పింది కదా!"

"ఆ అమ్మాయి ముక్కుకి జలుబు చేసింది."

"బాబాయ్, ఈ ఏడు నువ్వు నిచ్చెన వేస్తే ఆ నిచ్చెన తెచ్చి నా కొట్టంలో పెట్టిస్తాను."

"నా ఇల్లు, నా కప్పు, నా పిచ్చి. మధ్యలో నీకేంటి?"

జనం నవ్వారు. ఎవడో వెనక నుంచి "పిచ్చికి కూడా బోర్డు పెట్టించండి!" అని అరిచాడు. ఇంకా గట్టిగా నవ్వారు. తాత గడ్డి టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. నేను లేద్దామా వద్దా అని ఇంకా తేల్చుకోకముందే, ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ లేచింది.

"నవ్వులయ్యాయా?" అంది. వెంటనే అయిపోయాయి. "పెద్దగారూ, నాకు పదేళ్ళప్పటి నుంచి కొండ మీద గడ్డి కోస్తున్నాను. కుళ్ళిన గడ్డికీ మంచి గడ్డికీ తేడా నాకు తెలీదనుకుంటున్నారా?"

"ఏమంటావమ్మా నువ్వు?"

"ఈయన మా అందరితోనూ ఇన్నేళ్ళుగా అబద్ధం ఆడుతున్నాడంటున్నాను. మేం నమ్మినట్టు నటిస్తున్నామంటున్నాను. కొత్త గడ్డి మోపు తెచ్చి ఇస్తే మేం పుచ్చుకుంటామా? మొహాన కొట్టేవాళ్ళం. చెత్త అన్నాడు కాబట్టి తెచ్చుకున్నాం. చెత్త తెచ్చుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు కదా. మా ఇళ్ళకొచ్చి తిట్టాడు కాబట్టి పైకెక్కనిచ్చాం. తిట్టేవాడికి దండం పెట్టక్కర్లేదు కదా."

ఒక్కొక్కరే ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు లేచి మా అమ్మ పక్కన నిలబడ్డారు. ఎవరి తలా వంగలేదు. నేను ఎవరి పరువు కాపాడాలని మూడు రోజులు నిద్ర మానేశానో, వాళ్ళు ఎదురు ఆయన పరువునే కాపాడుతూ వచ్చారన్నమాట.

తాత ముఖం కందగడ్డ అయింది. నలుగురిలో బట్టలు ఊడినవాడిలా దుప్పటి చుట్టుకున్నాడు.

"అబద్ధం! అది కుళ్ళిందే! నేను వాసన చూశాను!"

"కూర్చోవయ్యా" అంది మాపులానే అవ్వ. "నాకూ తెలుసు."

"నీకా? ఎప్పట్నుంచీ?"

"పెళ్ళయిన రెండో ఏడు నుంచి. లేకపోతే ఇన్నేళ్ళు గాల్లో పడుకోవడానికి నాకేమన్నా పిచ్చా? జూన్ నెలంతా కొండెక్కి నీతో సమానంగా గడ్డి కోసింది ఎవరనుకున్నావు?"

మొఖేలె గారు మాత్రం రోడ్డు కళ్ళ ముందే చెరిగిపోతుంటే లింఫో వైపు దీనంగా చూశారు. ఆ అమ్మాయి కాగితాలు తిరగేసి ఒక చోట వేలు పెట్టింది.

"ఇక్కడ రాసుంది చూడండి. ఇంటిని కాపాడుకునే పాత పద్ధతి మార్చకూడదు అని. నలభై ఏళ్ళకు పైగా ఏటా కప్పు విప్పడమే ఈ ఇంటి పద్ధతి. ఇప్పుడు విప్పకపోతేనే తప్పు. ఉత్తరం నేనే రాసిస్తాను."

"అయితే బోర్డు వస్తుందా?"

"వస్తుంది."

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను" అన్నారు మొఖేలె గారు సభ వైపు తిరిగి. "విప్పాలయ్యా! విప్పి తీరాలి!"

తాత మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మంచివాడని అందరి ముందూ తేలిపోవడం కంటే అవమానం ఆయనకి ఇంకోటి లేదు. నాలుగో రోజు నిచ్చెన కోసం చూస్తే అది అప్పటికే గోడకి వేసి ఉంది. పైన మా అమ్మ ఉంది. కింద మిగతా ఆడవాళ్ళు, పాట పాడుతూ. ఒక్కొక్కరూ కొండ మీద తాము కోసుకొచ్చిన కొత్త గడ్డి మోపు ఒకటి తెచ్చారు. విప్పిన గడ్డితో ముందు ముసలి అక్కచెల్లెళ్ళ ఇల్లు కప్పాం. తాత కింద నిలబడి అందర్నీ తిట్టాడు. ఆ పాట మాకు కొత్త కాదు కాబట్టి పని సాఫీగా సాగింది.

తర్వాత ఆయన ఇంటి పని పట్టాం. విప్పిన వాలు కప్పడం మొదలుపెట్టామో లేదో, ఆ ఏడు వాన నెల ముందే వచ్చేసింది. కొండ వెనక నుంచి ఒక్కసారిగా. మా దగ్గర వానంటే పండగే. అందరం "పులా! పులా!" అని, అంటే వాన వాన అని, అరుస్తూ ఇంట్లోకి పరిగెత్తాం. బోర్డు బిగించడానికి వచ్చిన లింఫో, దాన్ని ఎక్కడ పెట్టాలో చూపించడానికి వచ్చిన మొఖేలె గారు కూడా పరిగెత్తారు. కప్పు ఉన్న సగంలో ముప్ఫై మందిమి, సంకటి కుండతో, కల్లు కుండతో సహా ఇరుక్కున్నాం. లెటూకా తాత మాత్రం కప్పు లేని సగంలో, నడి వానలో నిలబడ్డాడు.

"లోపలికి రా తాతా!"

"నాకు ఉక్కపోస్తోంది."

గడ్డం మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పళ్ళు టకటకమంటున్నాయి.

"ముసలి అక్కచెల్లెళ్ళకి చోటు వదిలి తనేమో వానలో..." అంటూ మాపులానే అవ్వ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. రాలేదు. విసిగిపోయి, తనూ ఆయన పక్కనే నిలబడి, ముఖం పైకెత్తి నవ్వడం మొదలుపెట్టింది. అది చూసి మా అమ్మ "నాకూ ఉక్కగానే ఉంది" అంటూ వెళ్ళింది. తర్వాత ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని వెళ్ళారు. లింఫో చెప్పులు విడిచి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. చూస్తుండగానే అందరం వానలోనే ఉన్నాం, కల్లు కుండ మాతోనే ఉంది. కప్పు కింద పొడిగా మిగిలింది మొఖేలె గారొక్కరే, బోర్డు తడవకుండా గుండెలకి హత్తుకుని.